ఆరు గంటల గీత

కాలూ చెయ్యీ పడిపోయిన మనిషిని క్యాజువాలిటీకి తెస్తే డ్యూటీ డాక్టరు ముందు అడిగేది వేళ. అనుభవం ఉన్నవాళ్లు "ఎప్పుడు వచ్చింది?" అనరు. "ఆఖరిసారి మామూలుగా ఉండగా ఎవరు చూశారు, ఎన్నింటికి?" అంటారు. రాజమండ్రిలో రేడియాలజిస్టుగా పనిచేసినన్నాళ్లూ స్కానింగు గది గుమ్మంలో ఆ ప్రశ్నకు జవాబులు వింటూనే ఉన్నాను. "రాత్రి అన్నం తిని బాగానే పడుకున్నారండీ, పొద్దున కాఫీకి లేపితే మాట లేదు." తొమ్మిదింటికి పడుకున్న మనిషి ఆరింటికి మూతి వంకరతో కనబడితే లెక్క రాత్రి తొమ్మిది నుంచే మొదలవుతుంది. ఇల్లు కదలకముందే తొమ్మిది గంటలు అయిపోయినట్టు. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డను తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి లాగేసే చికిత్స పేరు థ్రాంబెక్టమీ. అది ఆరు గంటల లోపే చెయ్యాలని రాసి ఉన్న రోజుల్లో ఆ ఇంటివాళ్లకు చెప్పడానికి మా దగ్గర ఏమీ ఉండేది కాదు.

ఆ గీతను చెరిపినవి బొమ్మలు. మెదడు బొమ్మలు తీసి చదవడమే నా వృత్తి. ఆ వృత్తి చరిత్రలో నేను చూసిన మలుపుల్లో ఇంతకంటే పెద్దది లేదు. అయితే ఏ బొమ్మ చాలు, ఏ బొమ్మ లేకపోతే మనిషిని వెనక్కి పంపాలి అనే దగ్గర మనం కొంత దారి తప్పామని కూడా నా నమ్మకం. రెండూ చెప్పాలి.

1971 అక్టోబరు 1న లండన్ శివారు వింబుల్డన్‌లో అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో మొదటిసారి ఒక రోగి తలను సీటీ స్కాన్ చేశారు. మెదడు ముందుభాగంలో కంతి ఉందని అనుమానించిన ఒక మహిళ ఆమె. యంత్రం తయారుచేసినవాడు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్, డాక్టరు కాదు, ఈఎంఐ కంపెనీ ఇంజనీరు. మనం హెచ్.ఎం.వి. రికార్డుల ద్వారా ఎరిగిన ఈఎంఐయే. పక్కన నిలబడి బొమ్మ చదివిన రేడియాలజిస్టు జేమ్స్ ఆంబ్రోస్. అడ్డం 80 గళ్లు, నిలువు 80 గళ్లు, అంతే ఆ బొమ్మ. ఈనాటి పిల్లలు ఫోనులో చూసే ఏ బొమ్మతో పోల్చినా మసకే. కానీ పుర్రె తెరవకుండా, నొప్పి తెలియకుండా లోపలి మెదడు కనిపించడం అదే మొదలు. అంతకుముందు 1919 నాటికి వాల్టర్ డాండీ వెన్ను ద్వారా గాలి ఎక్కించి ఎక్స్‌రే తీశాడు. ఆ గాలికి వచ్చే తలనొప్పి రోజుల తరబడి వదిలేది కాదు. 1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మెడలోని ధమనిలోకి మందు ఎక్కించి మెదడు నాళాలను ఫొటో తీశాడు. రెండూ రోగిని హింసించేవే. హౌన్స్‌ఫీల్డ్‌కు, విడిగా దాని గణితం రాసిన అలెన్ కార్మాక్‌కు 1979లో నోబెల్ ఇచ్చారు.

పక్షవాతం విషయంలో సీటీ చేసిన మొదటి మేలు ఒకటే. నాళం చిట్లి నెత్తురు కారినా, గడ్డ అడ్డుపడి నెత్తురు అందకపోయినా పైకి మనిషి ఒకేలా ఉంటాడు. కారిన నెత్తురు సీటీలో తెల్లగా కనబడుతుంది. గడ్డ వల్ల వచ్చిన దెబ్బ మాత్రం మొదటి గంటల్లో దాదాపు కనబడదు. ఇక్కడే ఎన్ని అనర్థాలు జరిగాయో! "స్కాను నార్మల్ అన్నారండీ" అని నమ్మి, కాలు ఈడుస్తున్న మనిషిని ఇంటికి తీసుకుపోయి పావురం నెత్తురు పట్టించినవాళ్లను చూశాను. తొలి గంటల స్కాను నార్మల్‌గా ఉందంటే నెత్తురు కారలేదని అర్థం, మెదడులో చాలా భాగం ఇంకా కాపాడుకోదగ్గదే కావచ్చని అర్థం. పరుగెత్తాల్సిన వేళ అదే.

1995 డిసెంబరులో అమెరికాలోని ఎన్.ఐ.ఎన్.డి.ఎస్. అధ్యయనం వచ్చింది. 624 మంది రోగుల్లో సగం మందికి గడ్డను కరిగించే టీపీఏ ఇంజెక్షను మూడు గంటల లోపు ఇచ్చి చూశారు. మేలు కనిపించింది. మరుసటి ఏడు అమెరికా ప్రభుత్వం అనుమతించింది. మూడు గంటల గీత అప్పుడు పడింది. 2008లో యూరప్ వాళ్ల అధ్యయనం దాన్ని నాలుగున్నరకు జరిపింది. ఈ అంకెలు మెదడు కణాలు చెప్పినవని చాలామంది అనుకుంటారు. అధ్యయనంలో ఎవరిని చేర్చుకుంటామని డాక్టర్లు ముందుగా రాసుకున్నారో అవే ఈ అంకెలు. లోపల ఏం జరుగుతోందో చూసే సాధనం లేదు కనుక గడియారాన్ని నమ్మారు. ఆ రోజులకు అది న్యాయమైన పనే.

అయితే గడియారం ఒక్కటే సాక్షి కాదని అప్పటికే తెలిసినవాళ్లు ఉన్నారు. లండన్‌లోని క్వీన్ స్క్వేర్‌లో 1970లలో లిండ్సే సైమన్, ఆస్ట్రప్ మొదలైనవాళ్లు బబూన్ కోతుల మెదడు నాళాలు మూసి, నెత్తురు ఎంత తగ్గితే ఏమవుతుందో కొలిచారు. మామూలుగా వంద గ్రాముల మెదడుకు నిమిషానికి 50 మిల్లీలీటర్ల దాకా నెత్తురు అందుతుంది. అది 20 కిందికి దిగితే కణాలు మూగబోతాయి, పని ఆపేస్తాయి, కానీ బతికే ఉంటాయి. పది దగ్గరకు దిగితే చావు మొదలవుతుంది. పనిచేయక, చావక మధ్యలో వేలాడే ఆ భాగానికి 1981లో ఆస్ట్రప్, సీజ్యో, సైమన్ పెనంబ్రా అని పేరు పెట్టారు. చెయ్యి కదలడం లేదంటే చేతిని నడిపే మెదడు చచ్చిపోయిందని కాదన్నమాట. ఎంత చచ్చింది, ఎంత వేలాడుతోంది, అదీ ప్రశ్న.

వేలాడే కాలం అందరికీ ఒకటి కాదు. మా డెల్టాలో ప్రధాన కాలువకు నీళ్లు ఆగితే కొన్ని చేలు రెండు రోజుల్లో ఎండుతాయి, పక్క బోదెల నుంచి కాస్త ఊట అందే చేలు వారం దాకా పచ్చగానే నిలుస్తాయి. మెదడులోనూ పెద్ద ధమని మూసుకుంటే పైపొర మీద ఉండే సన్నటి పక్క నాళాలు వెనక నుంచి నెత్తురు అందిస్తాయి. వాటిని కొలేటరల్స్ అంటాం. అవి బాగున్నవాడికి గంటలు కలిసొస్తాయి. జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టి, పెద్ద నాళం మూసుకుంటే సగటున నిమిషానికి 19 లక్షల నాడీకణాలు పోతాయన్నాడు. ప్రతి స్ట్రోక్ సమావేశంలోనూ ఆ అంకె వినిపిస్తుంది. 2019లో పిట్స్‌బర్గ్ వాళ్లు రోగులవారీగా మళ్లీ లెక్క వేస్తే, నిమిషానికి 35 వేలకంటే తక్కువ పోగొట్టుకునేవాళ్ల నుంచి రెండు కోట్ల 70 లక్షలు దాటి పోగొట్టుకునేవాళ్ల దాకా కనిపించారు. సగటు అనేది మంచం మీద పడుకున్న ఆ ఒక్క మనిషి గురించి ఎంత తక్కువ చెబుతుందో చూడండి.

ఫ్రాన్సులోని కాన్ పట్టణంలో జాన్ క్లోద్ బారన్ బృందం 1990లలో పెట్ స్కాన్‌తో, పన్నెండు గంటలు దాటిన రోగుల్లో కూడా కొందరికి బతికున్న పెనంబ్రా మిగిలి ఉందని చూపించింది. అంటే 2018లో ప్రపంచం ఒప్పుకున్న మాట ఇరవయ్యేళ్ల ముందే బొమ్మలో ఉంది. పెట్ స్కాన్ క్యాజువాలిటీకి పనికొచ్చే యంత్రం కాదు గనుక అక్కడే ఆగిపోయింది.

ఎమ్మారై ఆ పనిని కొంత దగ్గరకు తెచ్చింది. 1990లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మైకేల్ మోస్లీ పిల్లుల మెదడు నాళాలు మూసి, డిఫ్యూజన్ అనే పద్ధతిలో బొమ్మ తీస్తే దెబ్బతిన్న చోటు గంటలోపే మెరిసింది. కణం ఉబ్బితే లోపలి నీటి కదలిక బిగుసుకుంటుంది, ఆ బిగువునే ఈ బొమ్మ పట్టుకుంటుంది. దాంతోపాటు కాంట్రాస్ట్ మందు ఎక్కించి నెత్తురు చేరే తీరు చూసేది పర్‌ఫ్యూజన్. డిఫ్యూజన్‌లో మెరిసింది దాదాపు చచ్చిన భాగం, పర్‌ఫ్యూజన్‌లో ఆలస్యమైంది ఆపదలో ఉన్న మొత్తం భాగం. రెండింటికీ తేడా పెద్దదైతే కాపాడుకోవలసింది చాలా ఉందన్నమాట. స్టాన్‌ఫర్డ్‌లో గ్రెగ్ ఆల్బర్స్ 2006లో ప్రచురించిన డిఫ్యూజ్ అధ్యయనం ఈ తేడా మీదే నడిచింది.

అదే కాలంలో కెనడాలోని కాల్గరీ వాళ్లు మామూలు సీటీనే ఒడుపుగా చదవడం నేర్పారు. 2000లో వచ్చిన ఆస్పెక్ట్స్ పద్ధతిలో మధ్య ధమని తడిపే మెదడును పది భాగాలు చేసి, చెడినట్టు కనిపించిన ప్రతి భాగానికీ ఒక మార్కు తీసేస్తారు. పదికి పది అంటే మెదడు దాదాపు నిండుగా ఉంది. నాకు ఈ పద్ధతి మీద ప్రేమ ఎక్కువ. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, కన్ను కావాలి. కంప్యూటరు తెర మీద విండోను 40, 40కి బిగించి, ఇన్సులా అనే మెదడు మడత అంచున ఉండే సన్నటి బూడిదరంగు గీత ఎడమా కుడీ ఒకేలా ఉందా అని చూడాలి. ధమని మొదట్లో తెల్లటి పుల్లలాంటి గీత కనిపిస్తే అక్కడ గడ్డ కూర్చుందని గ్రహించాలి. జూనియర్లకు ఇది నేర్పడానికి పెట్టిన సమయంలో ఒక్క నిమిషం కూడా వృథా పోలేదు.

2013 ఫిబ్రవరిలో హొనొలులులో జరిగిన స్ట్రోక్ సమావేశం ఈ రంగానికి చేదు జ్ఞాపకం. గడ్డ లాగేసే చికిత్స మీద మూడు అధ్యయనాలు ఒకేసారి వచ్చాయి, మూడూ మేలు లేదన్నాయి. వాటిలో ఎంఆర్ రెస్క్యూ అనేది 118 మందిని బొమ్మ ఆధారంగా రెండు రకాలుగా విడదీసి, ఎక్కువ పెనంబ్రా ఉన్నవాళ్లకు కూడా అదనపు లాభం లేదని తేల్చింది. బొమ్మలను నమ్మినవాళ్లు తలలు వంచుకున్నారు. నిజానికి తప్పు వేరే చోట ఉంది. వాడిన పరికరాలు పాతవి, నాళం సరిగా తెరుచుకోలేదు. పైగా ఆ మూడింటిలో కొన్నిచోట్ల పెద్ద నాళం మూసుకుందో లేదో ముందుగా నాళాల బొమ్మ తీసి చూడకుండానే రోగులను చేర్చుకున్నారు.

రెండేళ్లు గడవకముందే నెదర్లాండ్స్ నుంచి 500 మందితో ఎంఆర్ క్లీన్ వచ్చింది. సీటీ యాంజియోలో, అంటే సీటీతో తీసే నాళాల బొమ్మలో, గడ్డ కనిపించినవాళ్లనే తీసుకున్నారు, గడ్డను వలలా పట్టే స్టెంట్ రిట్రీవర్లు వాడారు. తమ పనులు తాము చేసుకోగల స్థితికి వచ్చినవాళ్లు వందకు 19 నుంచి 33కు పెరిగారు. 2015లో మరో నాలుగు అధ్యయనాలు దాన్నే బలపరిచాయి. చికిత్స నిలబడింది. కానీ ప్రధానంగా ఆరు గంటల లోపే. తెల్లవారి లేచినవాళ్లు ఇంకా గీతకు అవతలే.

ఆ గీతను దాటించినవి రెండు అధ్యయనాలు. మొదటిది డాన్ అనే అధ్యయనం. దాన్ని నొగేరా, జోవిన్ నడిపించారు. 2017 మేలో ప్రాగ్‌లో ఫలితాలు చెప్పారు. 206 మంది, 6 నుంచి 24 గంటల మధ్య వచ్చినవాళ్లు, సగానికి పైగా నిద్రలో స్ట్రోక్ వచ్చినవాళ్లే. వాళ్లు చూసింది వయసుకూ లక్షణాల తీవ్రతకూ పొంతన కుదరని చిన్న గాయం. 80 దాటినవాళ్లకు చచ్చిన భాగం 21 మిల్లీలీటర్లు మించకూడదు, అంతకు చిన్నవాళ్లకు 31, లక్షణాలు మరీ తీవ్రమైతే 51 దాకా. రోగి నిండా కుప్పకూలి ఉన్నాడు, బొమ్మలో గాయం చూస్తే చిన్నది. అంటే మిగతాది వేలాడుతోంది. అలాంటివాళ్లకు గడ్డ తీస్తే వందకు 49 మంది సొంతంగా బతకగలిగారు, తీయకపోతే 13 మంది. తేడా ఎంత పెద్దదంటే అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు.

రెండోది ఆల్బర్స్ డిఫ్యూజ్ 3. 182 మంది, 6 నుంచి 16 గంటలు. గాయం 70 మిల్లీలీటర్ల లోపు, ఆపదలో ఉన్న భాగం దానికి కనీసం 1.8 రెట్లు. ఇక్కడ సొంతంగా బతకగలిగినవాళ్లు గడ్డ తీస్తే వందకు 45, తీయకపోతే 17. మరణాలు 26 నుంచి 14 శాతానికి తగ్గాయి. 2018 జనవరి 24న లాస్‌ఏంజెలిస్‌లో ఈ ఫలితాలు చెప్పిన రోజే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తన మార్గదర్శకాలను మార్చి ప్రకటించింది. వైద్యంలో ఇంత వేగంగా పుస్తకం మారడం నేను మరోసారి చూడలేదు.

ఈ అధ్యయనాల్లో కొలతలు తీసింది ర్యాపిడ్ అనే సాఫ్ట్‌వేరు. స్టాన్‌ఫర్డ్‌లోనే ఆల్బర్స్, రోలండ్ బామర్ తయారుచేశారు. సీటీ మీదే కాంట్రాస్ట్ ఎక్కించి ఒక నిమిషం పాటు అవే ముక్కలను మళ్లీ మళ్లీ తీస్తే, కంప్యూటరు నెత్తురు చేరే ఆలస్యాన్ని లెక్కగడుతుంది. ఆరు సెకన్లు దాటి ఆలస్యమైన భాగానికి ఆకుపచ్చ, ప్రవాహం 30 శాతం కంటే తక్కువకు పడిపోయిన భాగానికి గులాబి రంగు వేసి, పక్కన మిల్లీలీటర్లు రాసి చూపిస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. రాత్రి రెండింటికి నిద్రమత్తులో ఉన్న డాక్టరుకు కూడా అర్థమవుతుంది. దాని మేలును నేను తక్కువ చేయను.

చిక్కు తర్వాత మొదలైంది. ఆ రంగుల బొమ్మ ఉన్నవాళ్లకు మేలు జరిగిందని అధ్యయనాలు రుజువు చేశాయి. ఆ బొమ్మ లేనివాళ్లకు మేలు జరగదని ఎవరూ రుజువు చేయలేదు. కానీ చదివినవాళ్లు రెండో మాటను కూడా మొదటి మాటలోనే చదువుకున్నారు. సాఫ్ట్‌వేరు లేకపోతే ఆరు గంటలు దాటినవాళ్లను ముట్టకూడదనే అలవాటు పడింది.

దాని ధర మన ఊళ్లలో ఎవరు కట్టారో నేను చూశాను. కోనసీమ లంకల్లో ఒక పెద్దాయన తెల్లవారుజామున పడవ దాటి, ఆటో ఎక్కి మా దగ్గరకు వచ్చాడు. మామూలు సీటీలో ఆస్పెక్ట్స్ ఎనిమిది. సీటీ యాంజియోలో గడ్డ స్పష్టంగా ఉంది, పక్క నాళాలు నిండుగా ఉన్నాయి. నాకు ఇంతకంటే చెప్పేది ఏముంది? గడ్డ తీసే వసతి ఉన్న ఒక నగర ఆస్పత్రికి ఫోను చేస్తే పర్‌ఫ్యూజన్ రిపోర్టు ఉందా అని అడిగారు. లేదంటే టైము దాటింది కదా అన్నారు. ఆయన కోడలు మాత్రం "రాత్రి రెండున్నరకు బాత్‌రూముకు లేచారండీ, నేనే లైటు వేశాను, నిలువునా నడిచారు" అంది. ఎవరూ ఆ అమ్మాయిని అడగలేదు. ఆ ఒక్క మాటతో పదకొండు గంటలు ఐదయ్యాయి. ఆయన్ను చివరకు వేరే చోటికి పంపగలిగాం. గంటలు మాత్రం తిరిగి రాలేదు, కుడి చెయ్యి కూడా.

కొందరు మరి ఎమ్మారై తీయొచ్చు కదా అంటారు. బొమ్మ గొప్పదే. కానీ మెట్టెలు, గాజులు, నల్లపూసలు తీయించాలి. మాట లేని రోగి గుండెలో పేస్‌మేకర్ ఉందో లేదో చెప్పేవాళ్లు కావాలి. కదలకుండా పడుకోవాలి. అర్ధరాత్రి టెక్నీషియను ఇంటి నుంచి రావాలి. సీటీకి ఆ బాధలు తక్కువ. నాళాల బొమ్మ తీయడానికి కూడా కిడ్నీ పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగమని చాలాచోట్ల కూర్చోబెడతారు. కిడ్నీ జబ్బు చరిత్ర లేని మనిషికి అలా ఆగనక్కర్లేదని 2018 మార్గదర్శకాలే చెప్పాయి.

ఇక నా నమ్మకానికి ఆధారాలు. 2022లో క్లియర్ అనే అధ్యయనం ఆలస్యంగా వచ్చిన 1604 మందిని పోల్చింది. కొందరిని మామూలు సీటీతో, కొందరిని సీటీ పర్‌ఫ్యూజన్‌తో, కొందరిని ఎమ్మారైతో ఎంచుకున్నారు. సొంతంగా బతకగలిగినవాళ్లు మామూలు సీటీలో వందకు 41, పర్‌ఫ్యూజన్‌లో 44, ఎమ్మారైలో 39. సీటీ రెండు రకాల మధ్యా లెక్కకు నిలిచే తేడా లేదు. ఇది చీటీలు తీసి పంచిన అధ్యయనం కాదు, ఆస్పత్రుల రికార్డుల నుంచి తీసింది, ఆ మేరకు తగ్గించి చూడాలి. కానీ 2023లో నెదర్లాండ్స్ వాళ్లే చీటీలు తీసి పంచి చూశారు. ఎంఆర్ క్లీన్ లేట్‌లో 502 మంది, 6 నుంచి 24 గంటలు. రోగిని ఎంచిన ఆధారం రంగుల పటం కాదు, సీటీ యాంజియోలో పక్క నాళాల నెత్తురు కాస్తయినా కనిపిస్తే చాలు. చికిత్స పొందినవాళ్ల వైకల్యం తగ్గింది. మెదడులో నెత్తురు కారడం ఏడు శాతం, చికిత్స లేనివాళ్లలో రెండు శాతం, అది దాచకూడదు. మొత్తం మీద లాభం వైపే తూగింది.

ఆ తర్వాత గాయం పెద్దదైనా సరే చికిత్స చేసి చూశారు. 2022లో జపాన్ నుంచి, 2023లో చైనా నుంచి, అమెరికా నుంచి ఒక్కో అధ్యయనం, యూరప్, కెనడా నుంచి టెన్షన్ అనేది వచ్చాయి. ఆస్పెక్ట్స్ 3 నుంచి 5 ఉన్నవాళ్లకు కూడా మేలు ఉందన్నాయి. టెన్షన్ పన్నెండు గంటల దాకా, ఎక్కువగా మామూలు సీటీ మీదే ఆధారపడింది. గాయం 70 మిల్లీలీటర్లు మించితే తాకొద్దన్న గోడ కూడా ఇలా కూలింది. మిల్లీలీటర్లు కచ్చితంగా కొలవాలనే పట్టుదల ఇక ఎంతవరకు అవసరమో చదివేవాళ్లే చెప్పాలి.

పర్‌ఫ్యూజన్ వద్దని నేను అనను. చిన్న నాళం మూసుకున్నప్పుడు, అసలు ఇది స్ట్రోకా మూర్ఛా అని సందేహం వచ్చినప్పుడు అది చూపించేది మామూలు సీటీ చూపించదు. ఉన్నచోట తీయండి. లేనిచోట దాని కోసం మనిషిని ఆపొద్దు. సీటీ యంత్రం ఇవాళ జిల్లా కేంద్రాల్లో, చాలా చిన్న పట్టణాల్లో కూడా ఉంది. యాంజియోకు కావలసింది మోచేతి దగ్గర మంచి సూది, కాంట్రాస్ట్ మందు, మరో ఐదు నిమిషాలు. తలతో పాటు మెడ నాళాలు కూడా అదే విడతలో వస్తాయి. ఆ బొమ్మలను ఫోనులో పంపి, గడ్డ తీసే ఆస్పత్రిని సిద్ధం చేసి, అంబులెన్సు కదలడం ఇక్కడ ఇప్పుడే చేయగల పని.

చదివేవాళ్లకు నా విన్నపం మూడు మాటల్లో. ఇంట్లో ఎవరికైనా మూతి వంకరైనా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా టైము దాటిందని మీరే తీర్మానించి ఇంట్లో ఉంచకండి, 108కి ఫోను చేయండి. రాత్రి నీళ్లకో బాత్‌రూముకో లేచినప్పుడు ఆ మనిషిని చూసినవాళ్లు ఇంట్లో ఎవరో కనుక్కుని వాళ్లను వెంట తీసుకెళ్లండి. స్కానింగు గది దగ్గర "తల సీటీతో పాటు యాంజియో కూడా తీస్తారా డాక్టరు గారూ?" అని నోరు తెరిచి అడగండి.